పళ్ల క్లిప్పులకు రబ్బర్లు ఎందుకు? రబ్బరా, స్ప్రింగా, స్క్రూనా: ఏది ఎవరికి నప్పుతుంది

మా అమ్మాయి పళ్లకు క్లిప్పులు వేయించిన ఏడో నెలలో ఒంగోలు డాక్టరుగారు ఒక చిన్న పొట్లం దాని చేతిలో పెట్టారు. లోపల వంద రబ్బర్లు. ఒక్కొక్కటి చొక్కా గుండీ కంటే చిన్నది, లేత పసుపు రంగు. "ఇప్పటిదాకా పని నాది తల్లీ, ఇక సగం నీది" అన్నారు.

అప్పటికే పళ్లన్నీ వరుసలోకి వచ్చేశాయి. పిల్ల అద్దంలో చూసుకుని మురిసిపోతోంది. ఇంకా ఈ రబ్బర్లు దేనికన్నది నా అనుమానం. కనిగిరి నుంచి పొదిలి, చీమకుర్తి మీదుగా ఒంగోలుకు నెలకోసారి బస్సులో వెళ్లి రావాలి. ఆ రోజు నాకూ బడి పోతుంది, దానికీ బడి పోతుంది. ఒడ్డు చేరామనుకుంటే మళ్లీ ఏరు కనిపించినట్టయింది.

డాక్టరుగారు అలమరలోంచి మొదటి రోజు తీసిన సుద్ద అచ్చులు తెచ్చారు. పై దవడ అచ్చును కింది దవడ అచ్చు మీద కూర్చోబెట్టి పక్కనుంచి చూడమన్నారు. పై ముందు పళ్లకూ కింది ముందు పళ్లకూ మధ్య ఉన్న ఎడాన్ని స్కేలుతో కొలిచారు. 8 మిల్లీమీటర్లు. తర్వాత అమ్మాయిని పళ్లు కరిచిపట్టమని, పెదవి పక్కకు తీసి అదే స్కేలు పెట్టారు. 7. ఏడు నెలల్లో పళ్లు చక్కబడ్డాయి గానీ ఆ ఎడం తగ్గింది ఒక్క మిల్లీమీటరే. మామూలుగా అక్కడ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఉండకూడదట.

"మీ ఇంట్లో రెండు రెక్కల తలుపు ఉందా అమ్మా? ఏ రెక్కకు ఆ రెక్క నిటారుగానే ఉండొచ్చు. రెండూ కలిసే చోట గడియ పడకపోతే ఆ తలుపు మూసుకోనట్టే" అన్నారాయన. తీగ రెక్కలను సరిచేస్తుంది. గడియ పడేలా చేయడం రబ్బరు పని.

ఆ రోజు ఆయన మా ముందు మూడు దారులు పెట్టారు: పిల్ల తానే రోజూ పెట్టుకునే రబ్బర్లు, డాక్టరు బిగించే స్ప్రింగు, చిగురులోంచి ఎముకలోకి దించే చిన్న స్క్రూ. నెల రోజులు ఆలోచించుకోమన్నారు. ఆ నెలలో అడిగి తెలుసుకున్నవీ, తర్వాత ఏడాదిగా కళ్లారా చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. మా వైపు ఊళ్లలో పిల్లలకు క్లిప్పులు వేయించే తల్లిదండ్రులు డబ్బు, దూరం గురించే ముందు ఆలోచిస్తారు. రబ్బర్లు రోజుకు ఇరవై గంటలు నోట్లో ఉండాలి, ఆ శ్రద్ధ ఎవరు పెడతారన్నది అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం.

రబ్బరు చేసే పని

క్లిప్పులోని తీగ ఒక దవడలోని పళ్లను ఆ దవడలోనే సర్దుతుంది. పై తీగ పై పళ్లది, కింది తీగ కింది పళ్లది. రెంటినీ కలిపి లాగేది వాటిలో ఏదీ లేదు. అందుకే పై కోరపన్ను మీద అంటించిన చిన్న లోహపు ముక్కకు, అంటే బ్రాకెట్టుకు, ఉన్న బుల్లి కొక్కెం నుంచి కింద వెనుక ఉన్న పెద్ద నమలుపన్ను కొక్కేనికి రబ్బరు తగిలిస్తారు. ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి పెద్ద పన్ను అది, గట్టి పునాది. రబ్బరు ముడుచుకోవాలని చూస్తుంది కనుక పై వరుస వెనక్కి, కింది వరుస ముందుకు లాగబడతాయి. కింది పళ్లే ముందుకు వచ్చిన పిల్లలకు ఇదే రబ్బరును తిరగేసి, కింది కోరపన్ను నుంచి పై నమలుపన్నుకు వేస్తారు. నోరు మూసినా ముందు పళ్లు కలవకుండా కిటికీలా తెరిచి ఉంటే నిలువుగా, ముక్కోణంగా వేస్తారు. పక్క పళ్లు అడ్డంగా తప్పి కరుస్తుంటే ఒక వరుస లోపలి వైపు నుంచి రెండో వరుస బయటి వైపుకు వేస్తారు.

కేసు కాగితం మీద 'క్లాస్ 2', 'క్లాస్ 3' అని రాసి ఉండడం చూసే ఉంటారు. అవి రోగం ఎంత ముదిరిందో చెప్పే అంకెలు కావు. 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్ దంతవైద్యుడు పై, కింది మొదటి నమలుపళ్లు ఎలా కలుస్తున్నాయో చూసి చేసిన విభజన అది. పై పళ్లు ముందుకు ఉంటే సాధారణంగా క్లాస్ 2, కింది పళ్లు ముందుకు ఉంటే క్లాస్ 3. రబ్బర్లకూ ఆ పేర్లే వచ్చాయి.

రబ్బర్లు మొదటి రోజే ఇవ్వకపోవడానికి కారణం ఉంది. మొదట వేసే తీగలు సన్నగా, మెత్తగా ఉంటాయి. వాటి మీద రబ్బరు లాగుడు పడితే పన్ను ఒరిగిపోతుంది, మెలికపడుతుంది. పళ్లు వరుసలోకి వచ్చి, గట్టి స్టీలు తీగ ఎక్కాకే లాగుడు మొత్తం వరుస మీద సమంగా పడుతుంది. ఏడో నెలలో కొత్త పని మొదలైందని నేను దిగులుపడ్డాను గానీ, ఆ ఏడు నెలలూ దీనికి చేసిన తయారీయే.

ఇక ఇరవై గంటల మాట. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నార పొర ఉంటుంది. రబ్బరు లాగినప్పుడు ఆ పొర ఒక పక్క నొక్కుకుంటుంది, అక్కడ ఎముకను కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. రెండో పక్క సాగుతుంది, అక్కడ కొత్త ఎముక కట్టే కణాలు వస్తాయి. ఇదంతా జరగాలంటే లాగుడు ఆగకుండా ఉండాలి. రోజులో నాలుగైదు గంటలు మాత్రమే పెట్టుకుంటే పన్ను దాదాపు కదలదు. నిద్రలో మాత్రం పెట్టుకుంటానంటే సగం పని కూడా కాదు. అన్నం తినేటప్పుడు, పళ్లు తోముకునేటప్పుడు తప్ప మిగతా సమయమంతా ఉండాలని డాక్టర్లు అనేది ఇందుకే. అంత శ్రద్ధగా ఉన్నా నెలకు ఒక మిల్లీమీటరు జరిగితే అది మంచి వేగం కిందే లెక్క.

రబ్బర్లన్నీ ఒకటి కావు. పొట్లం మీద రెండు అంకెలుంటాయి. మా అమ్మాయికి ఇచ్చినది పావు అంగుళం, మూడున్నర ఔన్సులు. అంటే ఆ రబ్బరు లోపలి వ్యాసానికి మూడు రెట్లు సాగినప్పుడు సుమారు 100 గ్రాముల బలంతో లాగుతుంది. ఆరు ఔన్సులవి సుమారు 170 గ్రాములతో లాగుతాయి. కొన్ని కంపెనీలు పిల్లలు గుర్తుపెట్టుకోవడానికి పొట్లం మీద జంతువుల బొమ్మలు వేస్తాయి. బొమ్మ చూసి కొనకండి, అంకెలు చూసి కొనండి. నోటిలోని తడికి, నమిలే కదలికకు రబ్బరు తన బలంలో కొంత భాగాన్ని మొదటి కొన్ని గంటల్లోనే పోగొట్టుకుంటుంది. చూడడానికి బాగానే ఉన్నా నిన్నటి రబ్బరు ఈరోజుకు పనికిరాదు.

నిన్న మరిచిపోయాం కదా అని ఈరోజు రెండేసి తగిలించడం మాత్రం చేయకండి. బలం రెట్టింపైతే పన్ను రెట్టింపు వేగంతో కదలదు. నొప్పి పెరుగుతుంది, పన్ను వదులవుతుంది, వేరు దెబ్బతినే ముప్పు ఉంది, పునాదిగా నిలవాల్సిన వెనుక పన్ను కూడా జరిగిపోతుంది.

ఇక్కడ చాలామందికి ఒక గందరగోళం ఉంది. ప్రతి బ్రాకెట్టు చుట్టూ డాక్టరు వేసే రంగురంగుల రింగులు వేరు. అవి తీగను బ్రాకెట్టులో పట్టి ఉంచడానికే. రంగులేనివి వేయించుకుంటే రెండు పూటలు చేపల పులుసు తినేసరికి పసుపెక్కుతాయి, అంతకుమించి నష్టమేమీ లేదు. గొలుసులా ఉండే రబ్బరు ఇంకొకటి, అది ఒకే దవడలో పళ్ల సందులు మూయడానికి. నేను చెబుతున్నది పైకీ కిందికీ వేసే, మనమే తీసి పెట్టుకునే రబ్బరు గురించి.

రబ్బరు, స్ప్రింగు: అక్క కొడుకు అనుభవం

మా అక్క కొడుకు నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాడు. వాడికీ ఇదే సమస్య, వాడికీ మొదట రబ్బర్లే ఇచ్చారు. తెల్లవారుజామున లేచి స్టడీ అవర్లు, క్లాసులు, పరీక్షలు, మళ్లీ రాత్రి స్టడీ అవర్లు. మెస్సులో భోజనానికి తీసిన రబ్బరు జేబులోనే ఉండిపోయేది. పొట్లం అయిపోతే అడగడానికి మొహమాటం. రెండు నెలలకోసారి ఇంటికి వచ్చినప్పుడు డాక్టరు దగ్గర మాత్రం పెట్టుకుని కూర్చునేవాడు. ఆరు నెలలు గడిచాక స్కేలు పెట్టి చూస్తే ఎడం అంతే ఉంది. "అబద్ధం చెప్పావా?" అని అక్క వాడిని కోప్పడింది. నా మటుకు నాకు ఆ తప్పు వాడిది కాదు. పదహారేళ్ల పిల్లవాడి చేతిలో, ఆ దినచర్య మధ్యలో, ఎవరూ గుర్తుచేయని చోట, రోజుకు ఇరవై గంటల బాధ్యత పెట్టాం. ఎంపికే వాడికి నప్పలేదు.

తర్వాత వాడికి స్ప్రింగు బిగించారు. పై నమలుపన్ను నుంచి కింది తీగ వరకు, బుగ్గ లోపలి వైపు ఉండే సన్నని స్ప్రింగు. రబ్బరు లాగుతుంది, ఇది నెడుతుంది. ఫలితం ఇంచుమించు ఒకటే: పై వరుస వెనక్కి, కింది వరుస ముందుకు. డాక్టరే బిగిస్తారు, డాక్టరే తీస్తారు. పిల్లవాడు మరిచిపోవడమంటూ ఉండదు. ఆరు నెలల్లో వాడి పళ్లు కలిశాయి.

స్ప్రింగుకూ కష్టాలున్నాయి. మొదటి రెండు వారాలు వాడి బుగ్గ లోపల పుండ్లు పడ్డాయి, పెరుగన్నం తప్ప ఏమీ తినలేకపోయాడు. ఒకసారి పెద్దగా ఆవులిస్తే స్ప్రింగులోని కడ్డీ ఊడిపోయింది. హాస్టలు వాళ్లు బయటికి పంపే ఆదివారం దాకా నోట్లో వేలాడుతూనే ఉంది. ఖర్చు రబ్బరు పొట్లంతో పోల్చలేనంత ఎక్కువ. స్ప్రింగు వెనుక శుభ్రంగా తోమకపోతే పళ్ల మీద తెల్ల మచ్చలు పడతాయి. పైగా దీన్ని ఎక్కువగా క్లాస్ 2కే వాడతారు. రబ్బరుకు ఉన్న వెసులుబాటు, అంటే ఎటు కావాలంటే అటు వేసుకోగలగడం దీనికి లేదు.

హాస్టల్లో ఉండే పిల్లలకు, ఇప్పటికే కళ్లద్దాలు, టిఫిను డబ్బా, గొడుగు మరిచిపోయి వచ్చే పిల్లలకు, నేనైతే స్ప్రింగు వైపే మొగ్గుతాను. ఇంట్లో ఉండి, పక్కన అడిగేవాళ్లు ఒకరు ఉన్న పిల్లలకు రబ్బరే మేలు.

మా అమ్మాయి విషయంలో డాక్టరుగారు ఒక మంచి ఒప్పందం చేశారు. రెండు నెలలు రబ్బర్లు వేసి చూద్దాం, స్కేలులో తేడా కనిపిస్తే అలాగే సాగుదాం, లేకపోతే స్ప్రింగు వేద్దాం. మీరూ ఇలాగే అడగండి. కొలత ముందు రాయించుకోండి. రెండో నెల చివర అదే కొలత మళ్లీ చూడమనండి.

రెంటికీ ఉన్న ఒక మెలిక కూడా అడిగి తెలుసుకోవాలి. రెండూ కింది ముందు పళ్లను ముందుకు ఒరిగేలా చేస్తాయి, స్ప్రింగు ఇంకాస్త ఎక్కువ. ఇప్పటికే కింది పళ్లు ముందుకు వాలి ఉన్నవారికి ఇది మంచిది కాదు. రబ్బరు కింది వెనుక పళ్లను కొంచెం పైకి, పై ముందు పళ్లను కొంచెం కిందికి కూడా లాగుతుంది. ముఖం పొడవుగా ఉన్నవారు, నవ్వితే చిగురు ఎక్కువగా కనిపించేవారు ఈ మాట డాక్టరును తప్పకుండా అడగాలి.

స్క్రూ ఎప్పుడు

ఇలాంటి వారి కోసమే చిన్న స్క్రూలు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల లావు, ఒక సెంటీమీటరు లోపు పొడవుండే టైటానియం మిశ్రలోహపు స్క్రూను మత్తు సూది ఇచ్చి పళ్ల వేళ్ల మధ్య ఎముకలోకి దించుతారు. అప్పుడు లాగుడుకు ఆధారం ఎదుటి వరుస పళ్లు కావు, ఎముకే. కోరపళ్ల వెనుకుండే చిన్న నమలుపళ్లు తీయించి ఎత్తు పళ్లను బాగా లోపలికి తేవలసిన పెద్దవారికి ఇది గొప్ప సాయం. పేరు వినగానే భయపడతారు గానీ, పెట్టించుకున్న మా తోటి టీచరు ఒకరు పన్ను తీయించుకున్నంత బాధ కూడా లేదన్నారు.

అయితే పదింటిలో ఒకటైనా మధ్యలో వదులై, తీసి మళ్లీ పెట్టవలసి రావచ్చని ముందే తెలుసుకోండి. చుట్టూ శుభ్రంగా లేకపోతే చిగురు వాస్తుంది. ఎముక ఇంకా గట్టిపడని చిన్న పిల్లల్లో నిలవడం కష్టం. పదమూడేళ్ల మా అమ్మాయికి ఇది ఇప్పుడే వద్దని డాక్టరుగారే అన్నారు.

ఎదుగుతున్న వయసులో, కింది దవడే వెనకబడి ఉన్న పిల్లలకు తీసిపెట్టుకునే దవడ పరికరాలు ఉన్నాయి. ట్విన్ బ్లాక్ వాటిలో ఎక్కువగా వాడేది. శరీరం చకచకా పెరిగే రెండు మూడేళ్లే దానికి సమయం, ఆడపిల్లలకు ఆ వయసు ముందే వస్తుంది. ఎదుగుదల ఆగాక దవడల ఎముకల్లోనే తేడా ఎక్కువగా ఉంటే శస్త్రచికిత్స ఒక్కటే పూర్తి పరిష్కారం, దాని ముందూ వెనకా రబ్బర్లు మళ్లీ ఉంటాయి. క్లిప్పులు కనిపించకూడదని పళ్ల మీద తొడుక్కునే పారదర్శకమైన తొడుగులు, అంటే అలైనర్లు, కోరుకునేవారు కూడా రబ్బర్లు తప్పించుకోలేరు. పళ్లు కలవాలంటే చాలా కేసుల్లో అలైనర్ల మీద కూడా రబ్బర్లు వేయాల్సిందే.

గారపళ్ల ఊరి వాళ్లకు ఒక మాట

కనిగిరి, పామూరు, దర్శి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదంటారు. మా చుట్టుపక్కల దాన్ని దాటిన బోర్లు ఎన్నో. పళ్లు ఏర్పడే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద గార కనిపిస్తుంది. ఇది కేవలం అందం విషయం కాదు. బ్రాకెట్టు అంటించే ముందు పంటి మీద ఆమ్లం పూసి గరుకు చేస్తారు. గారపన్ను పైపొర ఆ ఆమ్లానికి అంత తేలికగా లొంగదు, అంటుకున్న బ్రాకెట్టు తొందరగా ఊడిపోతుంది.

రబ్బర్లు ఉన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. లాగుడంతా కోరపన్ను, నమలుపన్ను కొక్కేల మీదే పడుతుంది. మా అమ్మాయికి రబ్బర్లు మొదలైన మూడో వారం, శనివారం సాయంత్రం, అద్దం ముందు నిలబడి కుడివైపు రబ్బరు సాగదీస్తుండగా టక్కుమని శబ్దం వచ్చింది. చూస్తే కోరపన్ను బ్రాకెట్టు పన్ను వదిలి, తీగ మీద పూసలా అటూ ఇటూ జారుతోంది. పిల్ల ఏడుపందుకుంది. ఫోను చేస్తే డాక్టరుగారు ఎడమవైపు రబ్బరు కూడా తీసేయమన్నారు. ఒక పక్కే లాగితే వరుస పక్కకు తిరుగుతుందట.

తర్వాత ఆయన ఆ పంటికి ఆమ్లం ఎక్కువసేపు ఉంచి, కొత్త బ్రాకెట్టు అంటించారు. కింది నమలుపళ్లకు అంటించిన, తీగ దూరే చిన్న గొట్టాలు తీసేసి, పన్ను చుట్టూ బిగుతుగా కూర్చునే స్టీలు పట్టీలు వేశారు. ఆ తర్వాత ఒక్కటీ ఊడలేదు. గార ఉన్న పిల్లలను తీసుకెళ్లేవారు మొదటి రోజే "వెనుక పళ్లకు పట్టీలు వేస్తారా?" అని అడగండి. మనవైపు నుంచి ఒంగోలుకో నెల్లూరుకో ఒక్క బ్రాకెట్టు కోసం వెళ్లి రావడం అంటే ఒక రోజు కూలి, ఒక రోజు చదువు.

చేయకూడనిది ఒకటుంది

ముందు పళ్ల మధ్య సందు మూయడానికి మామూలు రబ్బరు బ్యాండో, ఈ పొట్లంలోని రబ్బరో రెండు పళ్ల చుట్టూ చుట్టడం వీడియోల్లో చూపిస్తున్నారు. మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి చేయబోతుంటే చూసి ఆపాను. పన్ను వేరు వైపు సన్నబడుతుంది. చుట్టిన రబ్బరు మెల్లగా చిగురు కిందికి జారుతుంది, కనిపించకుండా పోతుంది, ఊడిపోయిందని అనుకుంటారు. లోపల అది వేరు వెంట పైకి పాకుతూ, పంటిని పట్టి ఉంచే నార పొరనూ ఎముకనూ తినేస్తుంది. ఏ పురుగూ పట్టని చక్కటి పళ్లు రెండు ఊడిపోయే స్థితి వస్తుంది. రబ్బరు కొక్కేనికే ఉండాలి, పంటికి నేరుగా ఎప్పుడూ చుట్టకూడదు. ఇంట్లో పిల్లలుంటే దయచేసి ఈ ఒక్క మాట ఈరోజే చెప్పండి.

బెలూను ఊదితే పెదవులు దురద పెట్టేవారు, చేతి తొడుగులు పడనివారు లేటెక్స్ (రబ్బరు చెట్టు పాలు) లేని రబ్బర్లు కావాలని ముందే చెప్పాలి. అవి దొరుకుతాయి, బలం ఇంకాస్త త్వరగా తగ్గుతుంది కనుక తరచు మార్చుకోవాలి.

డాక్టరును ఎంచుకునేటప్పుడు దంతవైద్య డిగ్రీ బీడీఎస్ తర్వాత పళ్ల వరుస చికిత్సలోనే మూడేళ్ల పీజీ, అంటే ఎండీఎస్, చేసినవారా అని అడగడంలో తప్పు లేదు. ఫీజులోనే రబ్బర్ల పొట్లాలు, ఊడిన బ్రాకెట్లు కలిశాయో లేదో కూడా అడగండి. నెల్లూరుకు దగ్గరున్నవారు చింతారెడ్డిపాలెంలోని నారాయణ దంత వైద్య కళాశాలను కూడా చూడవచ్చు. కళాశాల ఆసుపత్రుల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి కూర్చునే సమయం ఎక్కువ పడుతుంది.

మేము రబ్బర్లే ఎంచుకున్నాం. మొదటి మూడు రోజులు దవడలు నొప్పి పుట్టి పిల్ల జావే తాగింది. అద్దం లేకుండా పెట్టుకోవడం పది రోజుల్లో వచ్చేసింది. బడి సంచిలో ఒక పొట్లం, వంటింట్లో కుంకుమ భరిణె పక్కన ఒక పొట్లం, నా చేతిసంచిలో ఇంకొకటి ఉంచాం, ఎందుకంటే మా ఊరి మందుల షాపుల్లో ఇవి దొరకవు. రెండో నెల కొలత 5. ఐదో నెల కొలత 3. డాక్టరుగారు స్కేలు పక్కన పెట్టి, ఇంకో రెండు నెలలు రాత్రిపూట మాత్రం పెట్టుకోమన్నారు.